కాలువలో నీలం నీళ్లు

2003 జూన్, మంగళవారం. ధర్మవరం.

వెతుకుతూ తిరిగి తిరిగి కాళ్లు లాగుతున్నాయి. టీకని వెళ్లిన నాయన మా వీధి దాటి బస్టాండు దాకా పోయాడు. కనిపించగానే, "మన కాలువలో ఎర్రనీళ్లు కదమ్మా పారేది! ఆడ నీలంగా పారతాండె, మన వీధి కాదనుకుంటి" అన్నాడు.

పక్కనున్న అద్దకం షెడ్డులో నిన్నటిదాకా పట్టుకు ఎరుపు వేశారు, ఈ రోజు నీలం. మగ్గం నేసిన కళ్లు కదా, ఇంటిని మరిచినా రంగును మరవలేదు.

ఆ షెడ్డు పొగకు నాయన మతిమరుపు ముదురుతుందేమో, ఇల్లు మార్చమన్నాడు డాక్టరు. మారితే, అక్కడ ఏ గుర్తు చూసి ఇంటికొస్తాడు? ఆలోచించే ఓపిక లేదు.

రేపు పొద్దున్నే లేచి, నాయన టీకి పోకముందే షెడ్డు వాళ్లను అడగాలి: "అన్నా, ఈ పొద్దు ఏం రంగు వేస్తాండారు?"