చిగురు పన్ను

12 జూన్ 2000, రాత్రి

కోచింగ్ సెంటర్ యజమాని యాదగిరికి డిగ్రీలో చరిత్ర చెప్పింది నేనే. అప్పట్లో వెనక బెంచీలో నిద్రపోయేవాడు. ఇప్పుడు అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని నాకే పాఠం చెబుతున్నాడు.

ఈరోజు గ్రూప్స్ క్లాసులో 1879 నాటి రంప కొండల తిరుగుబాటు చెప్పాను. తెల్లవాళ్ల హయాంలో కొండ జనం తమ జీలుగు చెట్ల కల్లు తాము తాగడానికి కూడా పన్ను కట్టాల్సివచ్చింది. దాని పేరు చిగురు పన్ను. వేసవిలో వాళ్లకు ఆ కల్లే అన్నం. అందుకే పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. యాదగిరి అచ్చు వేయించిన మోడల్ పేపర్ కీలో మాత్రం కారణం 'పోడు నిషేధం' అని ఉంది. అది నలభై ఏళ్లు దాటాక వచ్చిన ఇంకో తిరుగుబాటు సంగతి.

తప్పని చెబితే గుమ్మంలో నిలబడి నవ్వాడు. "గైడ్లన్నిట్ల గదే ఉంది సార్. పేపర్ సెట్ చేసేటోళ్లు సుత గవే చూస్తరు. జర కథలు బంద్ చేసి బిట్లు చెప్పుర్రి. లేకుంటే గీ రూం ఒరాకిల్ కంప్యూటర్ బ్యాచ్‌కి ఇస్త."

ఆ కొండల్లోని మారేడుమిల్లి నుంచి వచ్చిన అమ్మాయి లేచింది. వయసు పరిమితి దాటిపోతోంది, ఆమెకు ఇదే ఆఖరి పరీక్ష.

"మా మామ్మ కూడా కల్లు పన్ననే చెప్పేదండి. నేను అదే పెట్టాను. పరీక్షలో ఏది పెట్టమంటారండి?"

యాదగిరి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

"కీలో ఉన్నదే పెట్టమ్మా," అన్నాను.

ఆమె రబ్బరు తీసి, వాళ్ల మామ్మ చెప్పిన జవాబును చెరిపేసింది.