బావా, ఇది అక్కకొక్కదానికే చదువు

నాంపల్లి, హైదరాబాద్

అక్కకు తమ్ముడు రాజయ్య దండాలు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎట్లా ఉంది? పిల్లలు బాగున్నారనుకుంటాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోతే చెయ్యి ఆగింది. నీ మరదలు నర్సమ్మ పోయినాక ఈ ఇంట్లో మేమంతా అంటే నేనొక్కణ్ణే. ఆ ఒక్కడు కూడా క్షేమంగా లేడు.

బావా, ఇక్కడ ఆగు. నా ఉత్తరం వచ్చిందంటే నువ్వు అరుగు మీద కూర్చొని గట్టిగా చదువుతావు, వాడకట్టంతా చేరి నవ్వుతుంది. ఈసారి లోపలికి పోయి, తలుపు దగ్గరికేసి అక్కకొక్కదానికే చదువు.

అక్కా, నర్సమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు కాళ్లూ చేతులూ నేనే కదా. ఆబిడ్స్‌లో బట్టల దుకాణం నుంచి మధ్యాహ్నం ఉరుక్కుంటూ వచ్చి, గంజి తాగించి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి మళ్లీ ఉరికేవాణ్ణి. ఇప్పటికీ ఆ వేళకు కాళ్లు వాటంతటవే ఇంటికి వస్తున్నాయి. తాళం తీసి, ఖాళీ మంచం చూసి నిలబడిపోతాను.

"ఇంగ నీకేం ఫికర్ లేదు గద రాజయ్యా, గింత ఉరుకుడెందుకు?" అంటాడు సేటు. ఫికర్ లేని మనిషి పొద్దంతా ఏం చెయ్యాలో మాత్రం చెప్పడు. నిన్న దుకాణంలో బట్టల తాన్లను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పుతూ కూర్చున్నాను. చూపించమని ఎవరూ అడగలేదు.

ఇక్కడ వానలు ఆగడం లేదు. తిండి అంటావా, గంజే. పక్కింటి మల్లమ్మ చూసింది.

"ఏందన్నా, గంజి గుడ్డల వడగడుతున్నవ్? పండ్లూడినయా?"

"పండ్లున్నయి మల్లమ్మా. నమలబుద్ధి అయితలేదు. బతకబుద్ధి గూడ అయితలేదు."

"నీ నోట్ల మన్నువడ! నువ్వు వోతే ఆ యముడు నవ్వలేక సస్తడు తియ్!" అని పొట్ట పట్టుకొని నవ్వింది.

ఆమె తప్పేముంది? పుట్టినప్పటి నుంచి నవ్వించినవాడు ఏడిస్తే ఎవరు నమ్ముతారు? దవాఖానకు పోతే డాక్టరు గుండె చూసి, నీకు ఏ జబ్బూ లేదన్నాడు. "ఉంటే మంచిగుండు సార్, నాకు చాకిరీ చేసుడు అలవాటు" అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

నిద్ర లేదు, ఆకలి లేదు. చెడ్డ చెడ్డ ఆలోచనలు వస్తున్నాయి. నా మీద నాకే భయమవుతోంది అక్కా. ఇది పరాచికం కాదు.

దినాలైన నాడు నువ్వు నీతో ఊరికి రమ్మంటే కొలువు పోతుందన్నాను. పోనీ. పచ్చడి గిచ్చడి ఏమీ కట్టకు, జవాబు రాయించకు, ఇది వినగానే బండెక్కు. ఏనాడు వస్తావో తెలియకున్నా, రోజూ మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్లో నీకోసం చూస్తుంటాను. ఆ వేళకు ఇంటికి పోకుండానన్నా ఉంటాను.

బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. నాకు మాత్రం దీవెన కాగితం మీద పంపకు. వచ్చి తల మీద చెయ్యి పెట్టు.

నీ తమ్ముడు
రాజయ్య