మెరుపు క్యారెట్

10 ఆగస్టు 2025, ఆదివారం. సూర్యాపేట

ఈ డైరీ నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌కి కెమికల్స్ సప్లై చేసే కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఏడు నెలలు బీరువాలో పడుంది. ఇవాళ తెరిచాను. ఎవరికైనా చెప్తే నవ్వే సంగతి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా. తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర క్యారెట్ కూరలో ఫెయిల్ అయ్యాను.

మే నెలలో నాకు పెళ్లయింది. ముప్పై ఏడేళ్ళకి. ఆయన పేరు నరేందర్, కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్. కూతురు భాగ్యశ్రీ నాలుగో తరగతి. దాని తల్లి పుష్పలత మూడేళ్ళ కింద డెంగ్యూ వచ్చి ఐదు రోజుల్లో పోయింది. నేను రెండో భార్యని. రాస్తే బాగానే ఉంది, నోటితో అనడమే ఇంకా అలవాటు కాలేదు.

ఆదివారం కదా, ఏం చెయ్యమంటావు అని పిల్లని అడిగాను. మెరుపు క్యారెట్ అంది. అదేంటో నాకు తెలీదు. వాళ్ళమ్మ చేసేదట. పప్పుచారు అన్నంలోకి పక్కన కొంచెం పెట్టేదట. తియ్యగా ఉంటుందట, మెరుస్తుందట. నేను మా కోదాడలో చేసినట్టు కొబ్బరేసి వేపుడు చేసి, పైన చక్కెర చల్లాను. ఒక ముక్క నమిలి, ఇది కాదు అంది. మిగతాది మర్యాదగా తినేసింది. కోపం చేసినా బాగుండేది.

ఆయన్ని అడిగితే, కూరలో తీపి తనకి పడదు, అది పిల్ల డబ్బాలోకే చేసేది, ఎలా చేసేదో చూడలేదు అన్నాడు. ఎనిమిదేళ్ళ కాపురం చేసిన మనిషి.

12 ఆగస్టు, మంగళవారం

యూట్యూబ్‌లో ఒక ఫారిన్ ఆవిడ చేసింది. గ్లేజ్డ్ క్యారెట్స్ అట. బటర్, బ్రౌన్ షుగర్. కిరాణా షాపులో బ్రౌన్ షుగర్ అడిగితే బెల్లం పొడి ప్యాకెట్ చేతిలో పెట్టాడు. తిరిగిచ్చేసి మామూలు చక్కెరే వేశాను. పాకం ముదిరి ముక్కలన్నీ గిన్నెకి అతుక్కున్నాయి.

ఇది కాదు.

కానీ ఇవాళ అది వంటింట్లోకి వచ్చింది. గట్టు మీదకెక్కి కాళ్ళూపుతూ కూర్చుని, అమ్మ ముక్కలు గుండ్రంగా కొయ్యదు, ఏటవాలుగా కోస్తుంది అని చెప్పింది. ఈ ఇంటికొచ్చాక నాతో అది అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

15 ఆగస్టు

తేనె. కాదు.

17 ఆగస్టు, ఆదివారం

ల్యాబ్‌లో రిజల్ట్ తేడాగా వస్తే ఒక్కటే మార్చి మళ్ళీ టెస్ట్ చేస్తాం. వంటలో కూడా అదే పద్ధతి పెట్టాను. ముందు నీళ్ళు. కొత్త సిరంజి తెచ్చి ఎమ్మెల్ లెక్కన కొలుస్తుంటే పిల్ల పడీ పడీ నవ్వింది. క్యారెట్‌కి సూది వేస్తున్నావా అని అడిగింది. వేస్తున్నా, ఇది జ్వరంతో ఉంది అన్నాను.

రుచి కొంచెం దగ్గరికొచ్చిందట. మెరుపు రాలేదు. బటర్ ఎంత వేసినా జిడ్డుగా కనబడుతుంది తప్ప మెరవదు. వాళ్ళమ్మది నూనె మెరుపు కాదట, గాజు మెరుపట.

మధ్యాహ్నం కోదాడ నుంచి అమ్మ ఫోన్. ఏమైనా విశేషమా అని అడిగింది. క్యారెట్ వండుతున్నానని చెప్పాను. వేరేవాళ్ళ పిల్ల కోసం మరీ అంతలా పాకులాడకు అని పెట్టేసింది.

24 ఆగస్టు, ఆదివారం

ఇవాళ అది చెప్పింది రాసుకోవాలి.

ముక్కలు కోస్తుంటే, వాళ్ళమ్మ గురించి దానికి ఏమేం గుర్తున్నాయో నాకు లెక్క చెప్పింది. ముఖం గుర్తుందట, కానీ అది ఫోటో చూసి గుర్తున్నదేమోనని డౌటట. గొంతు పోయిందట. వీడియోలున్న ఫోన్ సంపులో పడి పాడైంది. బీరువాలో చీర ఒకటుంది, అది కూడా ఇప్పుడు నాఫ్తలీన్ ఉండల వాసనే వస్తుందట. క్యారెట్ మాత్రం ఉందట. అమ్మని చూడాలనిపిస్తే కళ్ళు మూసుకుని ఆ రుచి తెచ్చుకుంటుందట. అది వస్తే దాని వెనకే అమ్మ వస్తుందట.

నాకు చేసి చూపించింది. గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. గుటక వేసింది. “ఇగో, వచ్చింది” అంది. ముఖం వెలిగిపోయింది.

నేను చాకు పక్కన పెట్టి అటు తిరిగాను. ఇంత చిన్న ప్రాణానికి తల్లి తాలూకు మిగిలింది ఇది ఒక్కటే. దీన్ని ఎలాగైనా దాని కంచంలో పెట్టాలి. పెట్టి తీరతాను.

28 ఆగస్టు

తొమ్మిదోసారి. కాదు.

రైతుబజార్‌లో క్యారెట్లమ్మే ఆమె, కుందేళ్ళు పెంచుతున్నారా అమ్మా అని అడిగింది. ఇంటికొచ్చి చెప్తే పిల్ల సాయంత్రమంతా కుందేలులా ముందుపళ్ళు బయటపెట్టి తిరిగింది. ఆయన కూడా నవ్వాడు. ఓడిపోతున్నా ఇంట్లో సందడిగానే ఉంది.

31 ఆగస్టు, ఆదివారం

ఒక్కదాన్నే వేములపల్లి వెళ్ళొచ్చాను. మిర్యాలగూడ బస్సు, అక్కణ్ణించి ఆటో.

పుష్పలత వాళ్ళమ్మ గోపమ్మ దగ్గరికి. పోయిన బిడ్డ స్థానంలోకి వచ్చిందాన్ని, ఆ బిడ్డ వంట నేర్పమని తల్లినే అడగడానికి. దారి పొడవునా దిగి వెనక్కి వెళ్ళిపోదామనే అనుకున్నాను. గేటు దగ్గర కూడా అనుకున్నాను. గోపమ్మ భర్త గౌరయ్య నన్ను చూసి లేచి, కొట్టుకెళ్ళి కూల్‌డ్రింక్ తెచ్చి ఇచ్చాడు.

గోపమ్మ మిర్యాలగూడలో ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్ళు వంట చేసిందట. అక్కడ కేరళ నుంచి వచ్చిన నన్ ఒకామె వెన్న వేసి నేర్పిన వంటట ఇది. అంతమంది పిల్లలకి వెన్న ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని ఈమె అన్నం వార్చిన గంజిలో ఉడికించడం మొదలుపెట్టింది. పుష్పలత అది తింటూ పెరిగింది.

గంజి! మాది కుక్కర్ ఇల్లు. గంజి చుక్క కూడా ఉండదు. వంద సార్లు చేసినా నాకు తట్టేది కాదు.

నాకూ నేర్పమని అడిగాక ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. తప్పు చేశానేమో, ఇక లేవాలి అనుకుంటుండగా లేచి పొయ్యి వెలిగించింది.

“నేనెన్నొద్దులుంట? నేర్సుకో బిడ్డా. పోరి నోట్లె తల్లి రుసి ఉండాలె” అంది.

ముక్కలు మునిగేంత గంజి. రేగ్గాయంత బెల్లం. ఉప్పు చిటికెడు. మూత. గంజి సగానికొచ్చాక మూత తీసి, ఇక గరిటె పెట్టకూడదు. గిన్నె అంచు బట్టతో పట్టుకుని ఎగరెయ్యాలి. చివర్లో చెంచాడు నెయ్యి, శొంఠి పొడి కొంచెం. గంజి ఇగిరిపోయేసరికి ముక్క ముక్కకీ గాజు పొర. అంతే, అదే మెరుపు. ఆమె ఎగరేస్తుంటే మణికట్టు తిరిగే తీరు చూసి నా చేత్తో రెండుసార్లు చేసి చూపించాను. సరిపోయింది అంది.

వచ్చేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టింది. ఆటో ఎక్కేదాకా ఏడుపు ఆపుకున్నాను.

1 సెప్టెంబర్, సోమవారం

అన్నం వార్చాను. జీవితంలో మొదటిసారి.

పిల్ల మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. నమలడం ఆపేసింది. తర్వాత అన్నీ తింది, గిన్నె కూడా నాకింది. అప్పుడు, ఇదే అంది.

బాత్‌రూమ్‌లోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. సంతోషం ఇంత గట్టిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

6 సెప్టెంబర్, శనివారం

వారంలో నాలుగుసార్లు చేశాను. టిఫిన్ బాక్స్‌లో కూడా. క్లాసులో అందరూ ఎగబడుతున్నారట.

ఇప్పుడది వంటింట్లోకి రావడం లేదు. టీవీ దగ్గర కూర్చుంటుంది, నేను ప్లేటు తీసుకెళ్ళి ఇస్తాను. ఎందుకొస్తుంది, చెప్పాల్సిందేమీ లేదు కదా. గట్టు ఖాళీగా ఉంటే కొంచెం వెలితిగా ఉంది.

13 సెప్టెంబర్

గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది. పరవాలేదు. కూర మాత్రం బాగా కుదిరింది.

18 సెప్టెంబర్, గురువారం

బాక్స్ నిండుగా తిరిగొచ్చింది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉంది అంది. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదు అంది. నేను ఊరుకోను కదా, జడ వేస్తూ మళ్ళీ అడిగాను. ముఖం అటువైపు ఉంటే పిల్లలు చెప్తారు.

“చిన్నమ్మా, ఇగ అది చెయ్యకు. కండ్లు మూసుకుంటె నీదే వస్తుంది. అమ్మది వస్తలేదు.”

ఇది అమ్మదే కదరా, అమ్మమ్మ నేర్పిందే కదా, రెండూ ఒకటే కదా అన్నాను.

తనకీ తెలుసట, రెండూ ఒకటేనట. ఒకటే అయితే ఏది అమ్మదో ఎట్ల తెలుస్తది అని అడిగింది. కోపంగా కాదు. నిజంగా నాకు తెలుస్తుందేమోనని అడిగింది. పెద్దదాన్ని కదా.

నేను జడ పూర్తి చేశాను. రిబ్బన్ రెండుసార్లు జారిపోయింది.

19 సెప్టెంబర్

ఇంతకు ముందు పేజీలు తిప్పి చదివాను. నేను తప్పులు చేసినన్ని రోజులూ అది నవ్వుతూనే ఉంది. ఇది కాదు అన్నప్పుడల్లా వాళ్ళమ్మది వేరేగా, భద్రంగా ఉంది. నేను గెలిచిన రోజు నుంచే పోతూ వచ్చింది. ఇంత చదువుకుని ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. పెట్టి తీరతాను అని రాసుకున్నాను కూడా.

ల్యాబ్‌లో ఒకరి శాంపిల్‌లో ఇంకొకరిది ఒక్క చుక్క పడినా పారేస్తాం. ఆ మనిషి దగ్గర మళ్ళీ కొత్తగా తీసుకుంటాం. ఇక్కడ ఎవరి దగ్గర తీసుకోవాలి?

గోపమ్మ ఉంది. దసరా సెలవులే కదా, పిల్లని అక్కడికి పంపిస్తాను. ఆమె చేతిది తింటే అమ్మ రుచి తిరిగి రావచ్చు. ఫోన్ చేసి, పిల్ల ఉన్నన్నాళ్ళూ అది చేసిపెట్టమని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

21 సెప్టెంబర్, ఆదివారం

ఇవాళ్టి నుంచి బతుకమ్మ. ఆయన పిల్లని తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు. దించి వచ్చేస్తాడు. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. రాత్రికి నేనూ ఆయనా కుక్కర్ అన్నం తిన్నాం.

23 సెప్టెంబర్

ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. రెండుసార్లు నంబర్ నొక్కి ఆపేశాను.

25 సెప్టెంబర్, గురువారం. సాయంత్రం ఆరున్నర

చేసింది. ఫోన్ ఇప్పుడే పెట్టేసింది.

హుషారుగా ఉంది. తాతతో వెళ్ళి తంగేడు పూలు కోసుకొచ్చిందట, చేతులు పచ్చగా అయ్యాయట. బతుకమ్మ తన మోకాళ్ళ దాకా పేర్చిందట. నేను అడగలేదు. ప్రమాణంగా అడగలేదు. అదే చెప్పింది.

“చిన్నమ్మా, అమ్మమ్మ మెరుపు క్యారెట్ చేసింది. అచ్చం నీ లెక్కనే ఉన్నది.”

అమ్మ లెక్కనా అన్నాను. గుటక వేసిన చప్పుడు వినిపించింది. ఆలోచిస్తోందని అర్థమైంది. కళ్ళు మూసుకుందేమో కూడా.

“లే. నీ లెక్కనే.”

బాధగా అనలేదు. నన్ను సంతోషపెట్టడానికీ అనలేదు. ఉన్నది చెప్పింది. వెంటనే పూల సంగతి మొదలుపెట్టింది, ఇంటికి ఎప్పుడు రావాలో అడిగింది, నేను గుర్తొస్తున్నానంది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. గోపమ్మ పక్కనే ఉండి అంతా వింది. మేమిద్దరం మాట్లాడుకోవాల్సింది ఏమీ లేనట్టు, పిల్ల బాగానే తింటోంది, నువ్వు ఫికర్ చెయ్యకు అంది. ఆమె బిడ్డకి ఆమే తినిపించి పెంచిన వంట అది. పెట్టేస్తున్నా అంది.

రెండు నెలల కింద ఈ మాట వినడానికి నేను ఏమైనా ఇచ్చేదాన్ని. ఒక పిల్ల నన్ను తల్చుకుంటే నోట్లో రుచి వస్తోంది. ఇంతకంటే తల్లి అంటే ఏముంటుంది? కానీ అది నాకు ఎవరూ ఇష్టపడి ఇచ్చింది కాదు, నేను తీసుకున్నాను. ఎవరి దగ్గర తీసుకున్నానో ఆ మనిషి అడగడానికి కూడా లేదు.

ఆయన వచ్చి, ఏడుస్తున్నావెందుకు అన్నాడు. ఉల్లిపాయలన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

26 సెప్టెంబర్

పుష్పలతక్కా, నీ పక్కన కాస్త చోటిస్తే చాలనుకున్నాను. నేను కూర్చోగానే నువ్వు లేచి వెళ్ళిపోతావని తెలియదు.