సమీకరణం కింద ఖాళీ లైను

నాచారం,
ఆదివారం.

సత్యవేణి అక్కా,

మొన్న ఉప్పల్ బస్టాపులో మిమ్మల్ని చూసి స్తంభం వెనక్కి తప్పుకున్నాను. మీరు చర్లపల్లి మందుల ఫ్యాక్టరీ నీలం కోటులో ఉన్నారు. మన అచ్చాఫీసులో పన్నెండేళ్లు కంప్యూటర్ మీద లెక్కల పుస్తకాలకు పేజీలు కట్టిన మీరు ఇప్పుడు అట్టపెట్టెలు కడుతున్నారట.

మీ ఉద్యోగం పోగొట్టిన ఆ పుస్తకం గురించి నిజం చెప్పాలి. ప్రతి సమీకరణం తర్వాతా వాక్యం కొనసాగాల్సిన చోట, కొత్త పేరాలా లైను లోపలికి జరిగి అచ్చయింది కదా. అది మీ తప్పు కాదు. మీరు సెలవులో ఉన్న రోజు సవరణలు చేసింది నేను. చదవడానికి తేలిగ్గా ఉంటుందని ఫైల్లో ప్రతి సమీకరణం కిందా ఒక ఖాళీ లైను వదిలాను. ఖాళీ లైను కనబడితే పేజీలు కట్టే సిస్టమ్ దానంతటదే కొత్త పేరా మొదలెడుతుంది. "మాట ఇంకా అవ్వలేదమ్మాయ్, అప్పుడే ఖాళీ వదిలేస్తావేం?" అని నేను చేరిన వారమే మీరు వెక్కిరించారు. అయినా మరిచిపోయాను. ఫైలు మీద మీ పేరుంది. మేనేజర్ కనకరాజు సార్ మిమ్మల్ని నిలబెట్టి తిడుతుంటే పక్క కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాను.

నిన్న ఆయనకు చెప్పేశాను. "అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు తీస్తవమ్మా? నీ నౌకరి గూడ పోవాల్నా ఏంది?" అన్నారు. వెనక్కొచ్చి పనిలో కూర్చున్నాను. ఇప్పుడు మీ కుర్చీలో కూర్చునేది నేనే.

ఈ కాగితం తీసుకెళ్లి పెద్ద యజమానికి చూపించండి. అందుకే చేత్తో రాశాను. కింద పేరు పెట్టే ధైర్యం మాత్రం రాలేదు. ప్రూఫుల మీద తప్పులు దిద్దే నా చేతిరాత ఆఫీసులో అందరికీ తెలుసు.