కందికాయకు ముసుగు

లక్ష్మీ,

నువ్వు పోయి ఏడాదైంది. చదివేదానికి లేవని తెలిసే రాస్తాండా. ఉండింటే తప్పులెంచి నా పరువు తీసేదానివి.

మీ అన్న పెనుకొండ నుంచి వచ్చి మన కొంప ముంచినాడు. నువ్వు ఏటేటా విడిచే మాదిరే విత్తనానికని నేను విడిచిన కందిచెట్ల మీద చిలకలు పడతాండాయని, గోనెపట్టలు చించి కాయల గుత్తులకు ముసుగులు కట్టినాడు. కోసి చూస్తే కాయలు పాలిపోయి, లోపల గింజలు ముడుచుకోని ఉండాయి.

"ఆకులకు ఎండ తగల్తానే ఉన్నింది కదా బావా!" అంటాడు.

హిందూపురం వ్యవసాయాఫీసులో అడిగితే, "పచ్చికాయ కూడా ఆకు మాదిరే ఎండతో తిండి చేసుకుంటాది. గింజ నిండేదానికి అదీ కావాల" అన్నారు.

"ఇన్యావా బావా? నీ తలకూ గోనె కడతా, ఎంత బలుస్తావో చూస్తాం" అన్నా. ఆ తాలుగింజలే ఉడకేసి ఆయనకు వడ్డించినా. నమల్లేక నా మొహం చూసినాడు. నాకు నవ్వు రాలేదే.

ముసుగు తప్పిన గుత్తుల్లో దోసెడు మంచి గింజలు దొరికినాయి. వాన పడితే విత్తాల. ఎద్దుల్ని కట్టి మడక నేను తోలుతా సరే, వెనకాల సాల్లో గింజ విడిచే నీ చెయ్యి యాడ తేవాల?