ఒక్క కైమా ఉండా చెదరలేదు

మంగళవారం రాత్రి, కేంబ్రిడ్జ్

గెలిచాను! ఒక్క ఉండ కూడా విడిపోలేదు.

పోయినసారి, రోజంతా సన్నసెగన ఉడికించే స్లో కుక్కర్‌లో పెట్టిన కైమా ఉండలన్నీ గ్రేవీలో కలిసిపోతే, మా ఆవిడ స్వప్న నవ్వాపుకోలేక "ఇది కూరా, కైమా చారా?" అంది. తప్పు నా ఉండలది కాదు, వాళ్ల నాన్నగారి గరిటెది. నేను ఫ్యాక్టరీలో ఉంటే, మామయ్యగారు అడుగంటుతుందేమోనని మాటిమాటికీ మూత తీసి కలిపారు. అడుగంటని గిన్నె ఉంటుందంటే ఆయన నమ్మరు.

ఈసారి పుట్నాలపొడి కాస్త ఎక్కువ వేసి, ఉండలు గట్టిగా చుట్టాను. టమాటా గ్రేవీ పోసి, స్విచ్ వేసి, బయల్దేరేముందు ఆయన చేతులు పట్టుకున్నాను.

"మామయ్యగారూ, ఇవాళ మూత ముట్టనని మాటివ్వండి."

చిన్నబుచ్చుకుని తలూపారు. షిఫ్టంతా నాకు అదే దిగులు. ముట్టారేమో, లేక మరీ నొచ్చుకున్నారేమో...

సాయంత్రం మూత తీస్తే ఉండలన్నీ గోళీల్లా ఉన్నాయి! స్వప్న రెండోసారి అన్నం పెట్టుకుంది. లంచ్ డబ్బాలో మన కూరలు వద్దని పేచీ పెట్టే మా అనన్య, "డాడీ, కెన్ ఐ టేక్ దిస్ టు స్కూల్ టుమారో?" అంది.

నేను కాలరెగరేసేలోపే మామయ్యగారు ఫోన్‌లో అత్తయ్యగారితో గట్టిగా అంటున్నారు:

"ఇవాళ కూర నా చలవేనే. పొద్దుట్నించీ దాని పక్కనే కూర్చున్నా, ఒక్కసారి కూడా గరిటె పెట్టలా!"

కాదనబోయి ఆగాను. ఇల్లంతా ఆ వాసన కమ్ముకుంటుంటే, పక్కనే కూర్చుని మూత తీయకుండా ఉండడం నా వల్ల అయ్యేది కాదు.