బాపయ్య బండికి ఇద్దరు హెల్పర్లు

చిలకలూరిపేట, కమాన్ పట్టీల షాపు అనీస్ గారికి బాపయ్య నమస్కరించి రాయునది.

నా చేతిరాత బాగోదు, అక్షరాల్లో తప్పులుంటాయి, మన్నించండి. ఫోనులో మాట్లాడాలంటే నాకు బెరుకు. అందుకే పాలవ్యాను సిలార్ చేతికి ఈ కాయితం ఇస్తున్నాను. తొమ్మిది మంది పత్తి కూలీలు ఎక్కితే నా పాత ఎస్‌యూవీ వెనక కుంగుతోంది. పిల్లకాలవ కట్ట మీద బండి అడుగు నేలకి తగిలి ఆగుతోంది. "తాతా, ఇంకోసారి దిగి నెట్టమన్నావా, సోమవారం నుంచి పక్క చేను అంకమ్మరావు బండెక్కుతాం" అంది మేస్త్రి రెబ్కా. పత్తి పగిలి ఉంది. వాన పడితే పోయినట్టే.

ఇట్లు,
బాపయ్య

తా.క. నాలాగే మాట్లాడని బండి. ఇప్పుడు మూలుగుతోంది.

*

బాపయ్య గారికి అనీస్ సలాం.

వెనక అటూ ఇటూ హెల్పర్లు పెట్టాలి. బరువు పడితేనే పని, లేకపోతే ఊరకే ఉండటమే. ఖాళీ బండైతే గుంతల్లో మిమ్మల్ని ఎగరేసే రకం.

మీ అనీస్

తా.క. మా హెల్పర్లకి ఏడాది గ్యారంటీ.

*

అనీస్ గారికి బాపయ్య దండాలు.

తొమ్మిది మందికే చోటు చాలదు, ఇంకో ఇద్దరిని ఎక్కడ కూర్చోబెట్టను? ఊరకే ఉండేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. పెద్దవాణ్ణి ఎగరేయడం మాత్రం మర్యాద కాదు, వాళ్ళకి ఒక మాట చెప్పండి.

బాపయ్య

తా.క. మధ్యాహ్నం అన్నం నేనే పెడతాను. గోంగూర తింటారా?

*

బాపయ్య గారికి సలాం.

అన్నం అక్కర్లేదు, అప్పుడప్పుడూ కాస్త గ్రీజు చాలు. చోటూ అక్కర్లేదు. బండి కింద, ఇరుసు మీద పడుకోబెట్టి బోల్టులతో బిగిస్తా. శనివారం రండి.

అనీస్

తా.క. బిగించేటప్పుడు కిర్రుమంటే కంగారుపడకండి.

*

అనీస్ గారికి బాపయ్య సంతోషంగా రాయునది.

మీ కాయితం చదివి నాకు చెమటలు పట్టాయి. మనుషుల్ని ఇరుసుకి బిగిస్తారట అని రెబ్కాకి చూపించాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "హెల్పర్లంటే బరువు మోసే ఇనప పట్టీలు తాతా" అంది. శనివారం మీ షాపులో నేను తలెత్తకపోవడానికి కారణం అదే.

సోమవారం తొమ్మిది మందితో కట్ట ఎక్కాం. అడుగు తగల్లేదు, ఒక్కరూ దిగలేదు. మా వెనకే వచ్చిన అంకమ్మరావు బండి కట్ట మీద చతికిలబడింది. మోకు కట్టి మేమే లాగాం. మూడు రోజుల్లో సగం పత్తి ఇల్లు చేరింది.

మీరన్నదీ నిజమే. కూలీల్ని దించి ఖాళీగా తిరిగొస్తుంటే నా తల టాపుకి కొట్టుకుంది. గాడిలో ఒక వెనక చక్రం గాల్లోకి లేచి ఊరకే తిరిగింది, బండి కదల్లేదు. అటే నడిచొస్తున్న అంకమ్మరావు నవ్వాడు. వెనక ఎక్కమన్నాను. ఎక్కాడు. చక్రం నేల పట్టింది. మా ఊళ్ళో అంత బరువైన మనిషి లేడు. ఇప్పుడు రోజూ కూలీలు దిగాక వెనక సీటు ఆయనదే. "హెల్పర్ గారూ, జాగ్రత్తగా కూర్చోండి" అంటుంది దిగిపోతూ రెబ్కా. మా చేను కాగానే ఆయన చేను తీస్తామని మాటిచ్చాం.

ఇట్లు,
బాపయ్య

తా.క. అంకమ్మరావు బండి హెల్పర్ల కోసం మీ షాపుకే వచ్చిందట. నా పత్తి అయ్యేదాకా బిగించకండి, ఆయన తన బండెక్కితే నా వెనక సీటు ఖాళీ. అలాగేనని వెంటనే జవాబు రాయండి.